గాజుల చప్పుడు లేని రోజు

మొన్న ఆదివారం అల్లుడు నన్ను, కూతురిని, మనవరాలిని కారులో కూర్చోబెట్టుకుని అచ్చంపేట అవతల అడవి మొదట్లోకి తీసుకుపోయాడు. అక్కడ ఇప్పుడు నడిచేవాళ్లకు ఒక బాట, సైకిళ్లు తొక్కేవాళ్లకు ఒక బాట వేశారు. లావు టైర్ల సైకిళ్లు అద్దెకు దొరుకుతున్నాయి, నెత్తికి గట్టి టోపీలు పెట్టుకున్న పిల్లలు ఒకటే కేరింతలు. మనవరాలు రా నానీ, రా నానీ అంటూ ఈ అమ్మమ్మ వేలు పట్టుకుని లాగితే మొదటి మలుపు దాకా బాగానే నడిచాను గానీ, రెండు పక్కలా వెదురు పొదలు దగ్గరపడేసరికి కాళ్లు ఆడలేదు. మోకాళ్ల నొప్పులనుకుని కూతురు బెంచీ మీద కూర్చోబెట్టింది. నొప్పి కాదు, భయం. నా ఈడు వాళ్లయితే చెప్పకుండానే అర్థం చేసుకుంటారు, ఈ పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పను?

మాది గాజులమ్ముకునే ముస్లింల ఇల్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఆయన, నేను ఒకే సైకిల్ మీద ఆ అడవిలోని పెంటలకు, అంటే చెంచుల చిన్న చిన్న ఊళ్లకు, గాజులు తీసుకుపోయేవాళ్లం. ఆయన తొక్కుతుంటే నేను వెనక క్యారియర్ మీద కూర్చుని, తాళ్లకు గుచ్చిన గాజుల మలారాలు ఒళ్లో పెట్టుకునేదాన్ని. బాట అంటే గొడ్లు నడిచి నడిచి పడిన జాడ, అంతే. ఎక్కుడు వస్తే దిగి నెట్టాలి, దిగుడు వస్తే దేవుడి మీద భారం వేయాలి. ఎందుకంటే మా సైకిల్ బ్రేకులకు మా ఆయన మాట వినడం అలవాటు లేదు.

అడవిలో నడిచేవాడు చప్పుడు చేస్తూ నడవాలన్నది అక్కడి పద్ధతి. మనిషి వస్తున్నాడని ముందే వినబడితే ఎలుగుబంటి తనంతట తానే తప్పుకుంటుంది, తెలియక దాని మీదికి పోతేనే చీరేస్తుంది. అందుకని మా ఆయన వెనక చక్రం పుల్లలకు తగిలేటట్టు ఒక రేకుముక్క కట్టి, గంట కొడుతూ తొక్కేవారు, నా ఒళ్లో గాజులు గలగలమంటూనే ఉండేవి. పెంట ఆడవాళ్లయితే ఇప్పపూలు ఏరుకునేటప్పుడు ఒకరినొకరు కూ అని పిలుచుకుంటూ, పాడుకుంటూ ఉండేవాళ్లు.

అయితే ఆ రోజుల్లో ఎలుగును మించిన భయం తుపాకులది. అడవిలో ఉండేవాళ్లు కొందరు, వాళ్లను వెతకడానికి వచ్చేవాళ్లు కొందరు. వీళ్లు ఎదురైతే వాళ్ల సంగతి అడుగుతారు, వాళ్లు ఎదురైతే వీళ్ల సంగతి అడుగుతారు. మాకేం తెల్వదు అంటే ఇద్దరికీ నమ్మకం కుదరదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారే, మేము ఆ రెంటి మధ్యలో సైకిల్ తొక్కేవాళ్లం.

ఒక ఎండాకాలం మొదట్లో, దగ్గరలోనే కాల్పులు జరిగాయన్న వార్త అచ్చంపేట అంతా పాకింది. ఆ వారమే పెంటలో ఒక పెళ్లి. పెళ్లికూతురికి గాజులామె స్వయంగా గాజులు తొడిగి దీవించాలి, మలారం ఎవరిచేతో పంపితే వాళ్లు ఒప్పుకోరు. పోవద్దని మా అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడింది. మాట ఇచ్చామని ఆయన అన్నారు గానీ ఆయన మొహంలోనూ నెత్తురు లేదు. చప్పుడు వింటే ఎవరు ఏమనుకుని కాలుస్తారోనని రేకుముక్క విప్పేశారు, గంటకు నా పాత ఓణీ గుడ్డ చుట్టారు, మలారాలను బొంతలో గట్టిగా మూటగట్టారు. అలా దొంగల్లాగా పొద్దున్నే బయలుదేరాం.

ఆ బాట అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ ఎరగను. ఎండుటాకు కదిలినా ఆయన కాలు నేలకు ఆనించి చుట్టూ చూసేవారు. పోయేదారిలో ఆడవాళ్ల కూతలు గానీ పాటలు గానీ ఎక్కడా లేవు, పెంట మొత్తం ఖాళీ అయిందేమో అనుకున్నాను. దిగుడులో మలుపు తిరిగామో లేదో, ఇప్పచెట్టు కింద తలవంచి పూలు తింటున్న ఎలుగుబంటి ఎదురుగానే ఉంది. ఆయన బ్రేకు పట్టారు, సైకిల్ ఆగలేదు, ఇద్దరం పడ్డాం. గాజుల మూట పక్కనే పడినా దూది బస్తా పడ్డట్టే, ఏ చప్పుడూ రాలేదు. ఎలుగు ఒక్కసారి లేచి ఆయన భుజం మీద, తల మీద పంజా విసిరి, తానూ బెదిరినట్టే వాగు వైపు దూకి పోయింది.

నా తల మీది ఓణీ తీసి భుజానికి కట్టాను, క్షణంలో తడిసిపోయింది. ఆయన కళ్లు మూసుకుపోతున్నాయి. కూ అని గట్టిగా పిలిస్తే పెంటవాళ్లకు వినబడుతుంది, కానీ తుపాకులవాళ్లకూ వినబడుతుంది. పిలవకపోతే ఆయన నా ఒళ్లోనే పోతారు. పిలవొద్దని ఆయన చేయి ఊపారు. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించేది ఎలుగును తలుచుకుని కాదు, నోరు తెరవాలా వద్దా అని కూర్చున్న ఆ కాసేపటిని తలుచుకునే. చివరికి అల్లా మీద భారం వేసి, ఉన్న ఊపిరంతా పెట్టి పిలిచాను.

అటువైపు పొదలు కదిలాయి. అయిపోయింది, కాలుస్తారనుకుని ఆయన మీద అడ్డంగా వంగాను. వచ్చింది ఇప్పపూల బుట్టలతో పెంట ఆడవాళ్లు! "అయ్యో గాజులమ్మా, మీరా! చప్పుడైతే తుపాకులోళ్లు వచ్చిన్రేమోనని బోర్ల పండుకున్నం" అంటూ ఒక ముసలవ్వ ఏడ్చేసింది. రాళ్లు విసిరితే తగిలేంత దూరంలోనే వాళ్లు ఉన్నారు. మా భయం వాళ్లకు, వాళ్ల భయం మాకు. వాళ్లు పాడుకున్నా, మేము గంట కొట్టినా ఆ ఎలుగు ఎప్పుడో తప్పుకునేది.

వాళ్లే చీరతో జోలె కట్టి, మగవాళ్లను పిలిపించి, ఆయనను రోడ్డు దాకా మోసుకొచ్చారు. జీపులో దవాఖానకు చేర్చాం. ఆయన బతికారు, కానీ ఆ చేయి మళ్లీ భుజం పైకి లేవలేదు. బజారులో చిన్న గాజుల దుకాణం పెట్టుకున్నాం, అడవి మొహం మళ్లీ చూడలేదు.

మొన్న అడవి గేటు దగ్గర కావలి మనిషిని ఆ పెంట గురించి అడిగితే, "ఆ పెంట ఇప్పుడేడుందమ్మా, అందరు రోడ్డు పక్కకొచ్చిన్రు" అన్నాడు. ఇంటికి వచ్చి సైకిళ్ల సంగతి, పిల్లల నవ్వుల సంగతి చెబుతుంటే మా ఆయన అన్నీ విని, పెంటవాళ్లు కనబడ్డారా అని ఒక్కటే అడిగారు. లేరన్నాను. భయం లేకుండా పిల్లలు ఆ బాటలో తిరుగుతున్నారు, అంతకన్నా కావలసిందేముంది. కానీ ప్రాణభయంతో నేలకు కరుచుకుని పడుకుని కూడా, ఒక ఆడదాని పిలుపు వినగానే లేచి వచ్చిన మనుషులు వాళ్లు. ఇప్పుడు అక్కడ ఎవరైనా పడిపోయి పిలిస్తే, ఎవరు లేచి వస్తారో నాకు తెలియదు.