నూటొకటో డయోడ్

2003లో తిరువూరులో మా వర్క్‌షాపు అంటే మూడు బల్లలు, నాలుగు సోల్డరింగ్ ఐరన్లు. కొత్త పరికరానికి మొదట కావలసిన పాతికో యాభయ్యో సర్క్యూట్ బోర్డులు పెద్ద కంపెనీలు చెయ్యవు. అవే మా పని. నేను చదువుకున్న ఇంజినీర్ని కాను, లెక్క ఒక్కటే నా ధైర్యం. పార్టులన్నీ లెక్కపెట్టి, ట్రేలో పోసి పనివాళ్లకు ఇచ్చేవాళ్లం. పని అయ్యాక ట్రే ఖాళీ కావాలి.

వినగడపలో మోటార్లకు వైండింగ్ చేసే సుబ్బారావు ఒక బోర్డు తయారుచేశాడు. మూడు ఫేజుల్లో ఒకటి పోగానే, కాలిపోకముందే అది మోటారును ఆపేస్తుంది. పాతికమంది రైతులు అతని మాట నమ్మి పెట్టించుకుంటామన్నారు. పాతిక బోర్డులు, ఒక్కోదానికి నాలుగు డయోడ్లు. డయోడ్ అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న నల్ల పార్టు.

అతను తీసుకెళ్లడానికి వచ్చేసరికి అన్నీ సిద్ధం. ట్రేలో మాత్రం ఒక డయోడ్ మిగిలింది.

"మిగిలితే మంచిదేగా గురువుగారూ," అన్నాడు.

నూరిస్తే ఒకటి మిగిలిందంటే, ఏదో బోర్డులో దాని చోట ఇంకేదో కూర్చుందని చెప్పాను. అతని నవ్వు ఆగిపోయింది.

"ఒక్క మోటారు కాలినా మా ఊళ్లో ఇంకెవరూ నా మాట వినరండి. బస్సు పోతే పోయింది, చూడండి."

పాతిక బోర్డులూ తిప్పితిప్పి చూశాం. ప్రతి డయోడ్ మీదా నంబరు చదివాను, మీటరు పెట్టాను. నూరూ సరైనవే. ఈలోగా రెండు బస్సులు పోయాయి.

అప్పుడు తట్టింది, వాటిని లెక్కపెట్టింది నేను కాదు. వారం కిందట పనిలో చేరిన రమణమ్మ. డయోడ్ల సంచి ఆవిడ చేతికిచ్చి, పది తియ్యమన్నాను.

ఆవిడ ఒక డయోడ్ పక్కన పెట్టి "లాభం" అంది. రెండోది పెట్టి "ఒకటి" అంది.

"ఆగమ్మా. ఒకటికి బదులేగా లాభం అనేది?"

"మా కళ్లంలో కాదండి. లాభం దేవుడిది. లెక్క ఆ తర్వాత మొదలవుద్ది."

"అయితే ఇంతసేపూ దేవుడి డయోడ్ కోసమా వెతికింది?" అని సుబ్బారావు బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. రమణమ్మ మాత్రం నింపాదిగా, "బోర్డుల్ని అన్నిసార్లు అడిగారు, నన్నొక్కసారి అడగొచ్చుగా సార్," అంది.

మూడో బస్సులో బోర్డులు వెళ్లాయి. ఆ వేసవిలో పాతికలో ఒక్క మోటారూ కాలలేదు. సుబ్బారావు మళ్లీ వచ్చి యాభై అడిగాడు.

లెక్క చూసేముందు, లెక్కపెట్టిన మనిషిని అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఆలోచిస్తే ఆవిడ పద్ధతే నయం. సరిగ్గా లెక్కకు సరిపడా ఇస్తే, ఒక పార్టు కిందపడి పోయినా ట్రే ఖాళీగానే కనిపిస్తుంది. అందుకే అప్పటినుంచి మా లిస్టులో ప్రతి పార్టుకూ ఒకటి ఎక్కువ రాస్తున్నాం. ఆ గడి పేరు లాభం. ట్రేలో అది మిగిలి కనిపిస్తేనే బోర్డులు బస్సెక్కుతాయి.