మేనాలో ఆళ్లగడ్డ దారి

పోయిన నెల నంద్యాలలో మా బంధువుల పెళ్లికి పోతే, పూలు చుట్టిన పల్లకిలో పెళ్లికూతురిని మోసుకొచ్చారు. మేనా అంటే ఇదేనా అవ్వా అని పక్కనున్న చిన్నపిల్ల అడిగింది. కాదమ్మా, మేనాకు తలుపులుంటాయి అన్నాను గానీ, ఆ మాటతోనే నా పెళ్లప్పుడు నేనెక్కిన మేనా గుర్తుకొచ్చింది.

మేనమామ పంపేది కాబట్టి మేనా అయిందని మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, చెప్పేది. నన్నిచ్చింది మేనమామకే గనుక ఆ మాట నాకోసమే పుట్టిందనుకునేదాన్ని. అది యాభై అయిదో సంవత్సరం. నంద్యాలలో బడి మాన్పించి, పదిహేనేళ్లకే పెళ్లి చేశారు. ఆళ్లగడ్డ దాకా బస్సు, అక్కడినుంచి మామ వాళ్ల ఊరికి, ఇంటి మర్యాద కొద్దీ, మేనా. అత్తగారి హోదాలో ఉన్న అవ్వే నన్ను లోపల కూర్చోబెట్టి, తలుపులు జరిపి, బయట గొళ్లెం పెట్టింది. మండే ఎండ, పాత పరుపు వాసన, బోయీల కేకలు, సందులోంచి సన్నటి వెలుగు గీత. కొంతదూరం పోయేసరికి ఊపిరాడక తలుపు తట్టాను.

"ఊరకుండు. కొత్త కోడలి మొగం దావలో కనపడగూడదు" అని వెనక ఎద్దులబండిలోంచి అవ్వ గదిమింది.

రెండు చేతులతో బాదుతూ, "మామా, సచ్చిపోతాండా!" అని అరిచాను. పక్కన నడుస్తున్న మామ మేనా దించమని, తనే గొళ్లెం తీశాడు.

"ఏందిరా ఇది? మర్యాద ఏంగావాల?" అంది అవ్వ.

"పిల్లకు ఊపిరాడకుంటే మర్యాదేందిమ్మా?" అన్నాడు మామ.

కాలే నేలమీద ఉత్తకాళ్లతో నడిచాను. ఖాళీ మేనా వెనకాలే వచ్చింది. ఊళ్లో అందరూ నోళ్లు నొక్కుకున్నారు. ఇంత చేసిన మామ కూడా మళ్లీ నా బడి మాట ఎత్తలేదు. ఆ ఇంటి వాకిలి నేను ఒంటరిగా దాటడానికి చాలా ఏళ్లు పట్టింది.

కొన్నేళ్లకు మా పక్కింటి ఉర్దూ పంతులుగారు అసలు సంగతి చెప్పారు. మేనా అన్నది మేనమామ నుంచి పుట్టిన మాట కాదట, పారసీ భాషలోని 'మియానా' అట. నడిమిది, అంటే మరీ పెద్దదీ చిన్నదీ కాని సవారీ అని అర్థమట. నవ్వుకుంటూ పోయి అవ్వకు చెప్పాను. అవ్వ నవ్వలేదు.

"యా మాటైతే ఏందిలేవే. నేనూ దాంట్లోనే వచ్చినా, తొమ్మిదేండ్లప్పుడు. తట్టినా. ఎవురూ తీయల్యా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడు ఆ దారిలో ఆడపిల్లలు స్కూటర్ల మీద, జుట్టు గాలికి ఎగురుతుండగా పోతుంటే నిలబడి చూస్తాను. అవ్వ కూడా ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.