చినిగిన పేజీకి ఫోటో

ఆత్మకూరు గ్రంథాలయంలో తెలుగు పేపర్లకు ఎప్పుడూ పోటీయే. ఒకే పేపరును ముగ్గురు పేజీలు విడదీసుకుని చదివేవాళ్ళు. ఇంగ్లీషు పత్రికల బల్ల మాత్రం ఖాళీగా ఉండేది. ఆ బల్లే నా కాలేజీ. ఇంటర్ దగ్గర చదువాపి ఉదయగిరిలో బట్టలు కుడుతూ, వారానికోసారి బస్సెక్కి అక్కడికి వెళ్ళేదాన్ని. తెలియని మాట వస్తే నిఘంటువు తీసేదాన్ని. డిగ్రీ చదివిన మా బంధువులకు రాని మాటలు నాకు వచ్చునని గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది.

తొంభైల్లో ఒక ఎండాకాలం, ఆ బల్ల మీదే ఒక ప్రకటన చూశాను. పాత పుస్తకాలను, కాగితాలను కాపాడే పని నేర్పడానికి ఇంగ్లండులోని ఒక మ్యూజియం కొద్దిమందిని ఏడాదిపాటు తీసుకుంటుందట. ఇతర దేశాల వాళ్ళూ రాయవచ్చు. డిగ్రీ ఉండాలని ఎక్కడా లేదు. ఎందుకు రావాలనుకుంటున్నారో ఒక ఉత్తరం, మన పని చూసినవాళ్ళ నుంచి ఇంకో ఉత్తరం, మనం బాగుచేసిన వస్తువుకు ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో. అంతే అడిగారు.

గ్రంథాలయంలో అట్టలూడిన పుస్తకాలు అప్పటికే నేను బాగుచేస్తుండేదాన్ని. లైబ్రేరియన్ సారు సంతోషంగా ఉత్తరం రాసిచ్చారు. వస్తువు మా ఇంట్లోనే ఉంది. మా అవ్వ బైబిలు, వాళ్ళ నాయన కాలం నాటిది. అవ్వకు చదువు రాదు. కీర్తనలు కంఠతా వచ్చు. అయినా తనకిష్టమైన కీర్తన ఉన్న పేజీ మీద వేలు పెట్టుకునే చెప్పేది. వేలు తగిలి తగిలి ఆ పేజీ చినిగింది, పైగా పురుగు తిన్న చిల్లులు.

గ్రంథాలయంలో చదివిన ఒక మాట నా మనసులో నాటుకుంది. వేసిన అతుకు రేపు ఇంకొకరు పేజీకి దెబ్బ తగలకుండా తీసేయగలిగేట్టు ఉండాలి. అందుకని బజారు గమ్ము వాడలేదు. మైదా ముద్దను నీళ్ళలో పిసికి, అడుగున పేరుకున్న పిండిని ఉడికించి జిగురు చేశాను. తెల్లటి గాలిపటం కాగితాన్ని సన్నగా చించి అతికాను.

అతికే ముందూ అతికిన తర్వాతా బైబిలును తువ్వాలులో చుట్టి ఆత్మకూరు తీసుకెళ్ళి, బస్టాండు పక్క స్టూడియోలో ఫోటోలు తీయించాను. స్టూడియో అన్న పెళ్ళిచూపుల ఫోటోలకు పేరుమోసినవాడు. నెగటివ్ మీద సన్నటి బ్రష్షుతో రంగు వేసి టచింగ్ చేసి, మొహం మీద మశూచి మచ్చలు కూడా మాయం చేసేవాడు.

ఫోటోలు తెచ్చుకునే రోజు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండు పేజీలూ నున్నగా ఉన్నాయి. అసలు మొదటిదే ఇంకా బాగుంది.

"చిల్లులన్నీ పూడ్చేసినాను పాపా. రెండు దినాలు కూర్చున్నా దాని మీద" అన్నాడు.

"నాకు చినిగింది చినిగినట్టే కావాలన్నా."

"చినిగినదాన్ని ఫారిన్‌కు పంపిస్తావా? మన పరువేం గావాల?"

సంగతంతా చెప్పాక అతని మొహం చిన్నబోయింది. నెగటివ్ మీద వేసిన రంగు ఇక పోదన్నాడు. మ్యూజియానికి దరఖాస్తు చేరాల్సిన గడువు దగ్గరకొచ్చింది. చినిగిన పేజీ ఇప్పుడు ఎక్కడా లేదు. అది లేకపోతే నేను చేసిన పనికి సాక్ష్యమూ లేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలా దూరం బెంగపడ్డాను. ఊరు దగ్గరపడి ఉదయగిరి కొండ కనబడేసరికి, నేను చదివిన మాటే గుర్తొచ్చింది. ఊడదీయగలిగేట్టు ఉండాలని కదా అతికాను. ఊడదీస్తే సరి.

కష్టమల్లా అవ్వకు చెప్పడమే. పేజీ బాగైందని చర్చిలో పదిమందికి చూపించుకుంది. నేను నసుగుతూ చెప్పిందంతా విని, బైబిలు నా ఒళ్ళో పెట్టింది.

"అతికింది నువ్వే గదామే. ఇప్పితే మళ్ళా అతకలేవా?"

తడిగుడ్డను అతుకుల మీద పరిచి కాసేపు ఆగాను. ఒక మూల పట్టి లేపితే కాగితం పేలిక మెత్తగా లేచి వచ్చింది. కింద అక్షరం ఒక్కటి చెదరలేదు. పాత చిరుగు, పాత చిల్లులు ఎక్కడివక్కడే ఉన్నాయి. చినిగిన పేజీని చూసి అంత సంతోషపడ్డవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

పేజీ ఆరాక మర్నాడు మళ్ళీ స్టూడియోకి వెళ్ళాను. ఈసారి బ్రష్షు ముట్టుకోనని అన్న తనే ముందుగా చెప్పాడు. ఆ సాయంత్రానికే ఫోటో కడిగిచ్చాడు. జరిగింది జరిగినట్టు ఉత్తరంలో రాశాను. 'ముందు' అని రాసిన ఫోటో నిజానికి 'తర్వాత' తీసిందనీ, ఎందుకలా అయిందో కూడా రాసి, రెండు ఫోటోలూ పెట్టి పోస్టు చేశాను.

వానలు మొదలయ్యాక జవాబొచ్చింది. చోట్లన్నీ నిండిపోయాయట, ఎవరైనా రాకపోతే పిలుస్తామన్నారు. కింద ఒకరు చేత్తో నాలుగు వాక్యాలు రాశారు. వేసిన అతుకును తీసి చూపించిన దరఖాస్తు తమకు ఇంతకుముందు రాలేదని, జిగురు ఎలా కాచానో వివరంగా రాయమని. ఆ ఏడు అందరూ వెళ్ళినట్టున్నారు, నన్ను పిలవలేదు. జిగురు సంగతి మాత్రం, నిఘంటువు పక్కన పెట్టుకుని, మూడు పేజీలు రాసి పంపాను. దానికి ఇంకో జవాబు, మళ్ళీ నా జవాబు, అలా ఉత్తరాలు చాలాకాలం నడిచాయి. గ్రంథాలయం బల్ల దగ్గర మొదలైన చదువు అంతదూరం వెళ్ళింది. నాకు అది తక్కువగా అనిపించలేదు.

అవ్వ పేజీని దరఖాస్తు పోస్టు చేసిన వారమే మళ్ళీ అతికాను. రెండోసారి అతుకు ఇంకా సన్నగా కుదిరింది.

స్టూడియో అన్న చినిగిన పేజీ ఫోటోను పెద్దది చేయించి, అద్దాల షోకేసులో పెళ్ళిజంటల మధ్య పెట్టాడు. ఇదేంది, ఇట్లా చినిగిపోయుండాదని ఎవరైనా అడిగితే, టచింగ్ లేకుండా తీసింది అదొక్కటేనని చెప్పేవాడు.