ఆరింటిలో మూడోది

నా చిన్నప్పుడు ఎవరైనా "ఎవరమ్మాయివమ్మా" అని అడిగితే, ముందు మూడు తరాల సంగతి చెప్పి ఆ తరవాతే నా పేరు చెప్పాలని మా ఇంట్లో నేర్పారు. మా ముత్తాతగారి తండ్రి బొబ్బిలి వైపు పన్నెండు ఊళ్లకు పెద్ద. ముత్తాతగారు మునసబు. ఆయన వీధిలో వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. భిలాయిలో ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో మా తాతయ్య రెండు లారీలతో ఇక్కడికి వచ్చి ఐదు లారీల యజమాని అయ్యారు. గొప్ప కోసం ఇదంతా రాయడం లేదు. ఆ ఆదివారం నేను అబద్ధం ఎందుకు ఆడానో తెలియాలంటే ఇది తెలియాలి.

నాకు పదేళ్లు వచ్చేసరికి ఐదింటిలో ఒక్క లారీ మిగిలింది. దాన్ని భిలాయిలోని క్యాంప్ 2 బస్తీలో మా ఇంటి ముందే నిలిపేవారు. పొద్దున్నే స్టార్ట్ చేసి చాలాసేపు అలాగే వదిలేయడం మా ఇంటి పద్ధతి. ఇంజను వేడెక్కడానికి అంతసేపు అక్కర్లేదు. వీధంతా వినాలి, అందుకు. తాతయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని బానెట్ పక్కన నిలబడేవారు. ఆ చప్పుడు ఆయనకు సన్నాయి మేళంతో సమానం.

ఆ చప్పుడులో తేడా వచ్చిందని మొదట చెప్పింది మా డ్రైవర్ మావయ్య. పదహారేళ్లుగా మా బండే నడిపిన మనిషి. గేరు లేకుండా నిలిపి ఉంచితే బండి వణుకుతోందని, ఆరు సిలిండర్లలో మూడోది మండడం లేదని, ఇంజను విప్పించాలని అన్నాడు. నలుగురూ ఉండగా అన్నాడు. అదే ఆయన చేసిన తప్పు. మా బండికి ఏ రోగమూ లేదని, రోగం వాడి కాలిలో ఉందని, యాక్సిలరేటర్ తొక్కడం రాక ఇంజను పాడుచేస్తున్నాడని తాతయ్య ఆ నలుగురిలోనే అన్నారు. మర్నాడు పని మాన్పించారు. ఇంజను పాడుచేసినవాడన్న పేరు వచ్చాక భిలాయిలో ఎవరూ ఆయన చేతికి స్టీరింగ్ ఇవ్వలేదు. బొగ్గు మోసే పనికి వెళ్లాడు. ఆ వానాకాలం కామెర్లు వచ్చి పోయాడు.

బండి వణుకు మాత్రం పోలేదు. తరవాత ఇద్దరు డ్రైవర్లు వచ్చారు, ఇద్దరూ నెల తిరక్కుండా మానేశారు. రెండోవాడు ఛత్తీస్‌గఢీ కుర్రాడు. తాళంచెవి అరుగు మీద పెట్టి, "బాబూజీ, గాడీ మే కోయీ హై" అన్నాడు. బండిలో ఎవరో ఉన్నారట. ఆ రోజు నుంచి మా నాయనమ్మ క్యాబిన్‌లో అగరొత్తి వెలిగించేది. నేను మంచంలో పడుకుని లెక్కపెట్టేదాన్ని. ఐదు దెబ్బలు, ఒక ఖాళీ. ఐదు దెబ్బలు, ఒక ఖాళీ. ఆ ఖాళీలో డ్రైవర్ మావయ్య కూర్చున్నాడని నాకు గట్టి నమ్మకం.

చివరకు నాయనమ్మ పోరు పడలేక తాతయ్య ఒక ఆదివారం పొద్దున ఇంజన్లు బాగుచేసే మిస్త్రీని పిలిపించారు. ఆ మిస్త్రీ డ్రైవర్ మావయ్య ఊరివాడే. ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో ముప్పయ్యేళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. మనుషుల మాట పెదాలు చూసి పోల్చుకునేవాడు, ఇంజను వినడానికి మాత్రం ఇంకొకరి చెవులు కావాలనేవాడు. వీధి పిల్లలు ఎంతమంది చుట్టూ మూగినా ఆయన నన్నే పిలిచాడు.

"ఇలా రా అమ్మా. బాబుగారి మనవరాలివి, నీకు బయమేటి? నానొక్కో నట్టూ వొదులు సేస్తాను. నువ్వు ఇను. ఇంజను ఇంకా కుంటితే సెప్పు. ఏ మార్పూ నేకపోతే అదీ సెప్పు."

డీజిలు గొట్టం నట్టు వదులు చేస్తే ఆ సిలిండరుకు తిండి ఆగిపోతుంది. బతికున్న సిలిండరైతే ఇంజను వెంటనే తడబడుతుంది. చచ్చిపోయినదైతే దానికి తిండి ఆపినా ఇంజనుకు తెలియదు. ఇదంతా ఆయన స్పానర్ తిప్పుతూనే చెప్పాడు.

మొదటిది వదులు చేశాడు. బండంతా ఊగింది. బిగించాడు. రెండోదీ అంతే. మూడోది వదులు చేశాడు. డీజిలు బుడబుడమని పొంగింది, ఇంజను మాత్రం తన మానాన తాను కుంటుతూనే ఉంది. ఏ మార్పూ లేదు.

తలెత్తి చూశాను. అరుగు మీద తాతయ్య నిటారుగా నిలబడి ఉన్నారు. వీధిలోవాళ్లు పది పదిహేను మంది చేరారు. గేటు అవతల కూరల బుట్టతో డ్రైవర్ మావయ్య భార్య నిలబడి ఉంది. ఆమెను మిస్త్రీయే రమ్మన్నాడని నాకప్పుడు తెలియదు. నేను "మూడోది" అంటే చాలు, చనిపోయిన మనిషి నిజం చెప్పాడని ఆ వీధంతా వింటుంది. మా తాతయ్య అన్నది తప్పు అని కూడా వింటుంది.

నాలుగు, ఐదు, ఆరు కూడా అయ్యాయి.

"ఏటమ్మా? ఏది?"

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి," అన్నాను. పెద్ద గొంతుతో అన్నాను. "ఏ రోగమూ లేదు."

ఎవరో నవ్వారు. "మునసబుగారి రక్తం కదా, దాని కూత అలాగే ఉంటాది," అన్నారింకెవరో. గేటు అవతల ఆమె బుట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

మిస్త్రీ నన్ను కోప్పడలేదు. చెంబులో నీళ్లు తెమ్మని, పొగ వెళ్లే ఇనుప గొట్టం మీద, సిలిండరుకొక చోట, వేలితో ఒక్కో చుక్క వేశాడు. ఒకటి చుయ్‌మంది. రెండు చుయ్‌మంది. మూడో చోట చుక్క అలాగే నిలిచింది. ఆకు మీద నీటిబొట్టులా నిలిచింది.

"సెవులు మిల్లు తినేసింది గాని సేతులున్నాయమ్మా నాకు," అన్నాడు మెల్లగా. "మూడోదని నాకు రాగానే తెలిసింది. నా మాట బాబుగారు ఇనరు. ఆడి మాటా ఇన్నేదు. నీ మాటైతే ఇంటారని నిన్ను నిలబెట్టినాను."

తాతయ్య ఎప్పుడు దిగి వచ్చారో తెలియదు, నా వెనకే ఉన్నారు. ఆ చుక్కను చాలాసేపు చూశారు. అది ఆరిపోతుందేమోనని ఎదురుచూస్తున్నట్టు చూశారు. "బాబూ, ఇప్పితే బాగవుద్ది," అన్నాడు మిస్త్రీ. తాతయ్య కండువా భుజం మీద సర్దుకుని, "బానెట్ దించు. ఐడ్లింగ్ పెంచేసి వెళ్లు," అన్నారు. ఐడ్లింగ్ పెంచితే బండి నిలిచి ఉన్నా ఇంజను వేగంగా తిరుగుతుంది, లోపం చెవికి అందదు. మిస్త్రీ స్పానర్ తుడుచుకుని సంచిలో వేసుకున్నాడు. "అది నాను సెయ్యను బాబూ," అని వెళ్లిపోయాడు. ఆ స్క్రూ తాతయ్యే తిప్పారు.

మా తాతయ్యను నేను ఈనాటికీ ఎవరి ముందూ తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ స్క్రూ తిప్పే ముందు ఆయన గేటు వైపు ఒకసారి తిరిగి చూడడం నేను చూశాను.

పెళ్లయి భిలాయిలోనే వైశాలి నగర్ వచ్చాక, పిల్లలు ఎదిగాక, ఒకరోజు పవర్ హౌస్ బజారులో కూరలమ్ముతున్న డ్రైవర్ మావయ్య భార్య ముందు కూర్చున్నాను. అప్పటికి ఆమె జుట్టు పూర్తిగా నెరిసింది. మూడోదే అత్తా, నేను విన్నాను, అబద్ధం ఆడాను, అని చెప్పాను. ఆమె వంకాయల మీద నీళ్లు చల్లుతూనే ఉంది.

"నాకెందుకమ్మా సెప్పడం? నాకు తెల్దా? ఆ దినం ఆ ఈదికి సెప్పుంటే సాలేది," అంది.

ఇప్పటికీ సిగ్నల్ దగ్గర పాత లారీ ఏదైనా ఆగితే నా చెవి దానంతటది లెక్క మొదలుపెడుతుంది. ఏ ఖాళీ దగ్గర ఆగుతుందో నాకు తెలుసు. అక్కడ ఒక మనిషి నా మాట కోసం ఇంకా చూస్తూ ఉంటాడు. విన్నది విన్నప్పుడే, విన్నచోటే చెప్పాలని నేర్చుకున్నాను. నేర్చుకున్నాక దానివల్ల కొందరికి దూరమయ్యాను, అయినా మానలేదు.

మా లారీ దుర్గ్ వైపు ఎత్తు ఎక్కుతుండగా, ఆ ఆదివారం గడిచాక వచ్చిన వేసవిలోనే ఆగిపోయింది. పాత ఇనుము కొట్టువాడు తూకానికి కొన్నాడు. ఇంజను విడిగా అమ్మారు, అది ఏ బండిలోకి వెళ్లిందో తెలియదు.