సగం దారి భోజనం

1997 జూన్ 12, గురువారం, ఉదయం ఆరుంపావు. ఉత్తరపు గాలికి లేచిన దుమ్ములో ఎదుటి మేడ కనబడలేదు. ఆ వేళ, దోహాలో, ఉమ్ ఘువైలినా పేటలోని తమ ఫ్లాట్‌లో నర్సింగరావుగారు గుండెపోటుతో కన్నుమూశారని ఫోను వచ్చింది. ముషైరిబ్‌లో ఒకే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పదకొండేళ్ళు ఎదురెదురు బల్లల వద్ద పనిచేసినవాళ్ళం. అలవాటు ప్రకారం వేళ రాసుకున్నాను. ఆపై కలం సాగలేదు.

ప్రయాణకాల గణన నా విధి. డ్రైవర్ల యోగక్షేమాలు ఆయనవి. కువైట్‌కు పోయే మా సరుకు సౌదీ మీదుగా సాగాలి. అక్కడ మా డ్రైవర్లకు వీసా గడువు మూడు దినాలే. దాటినవాడికి మళ్ళీ వీసా దుర్లభం. అంటే జీవనోపాధికే విఘాతం. నా పట్టికలు ఎంత నిర్దుష్టమైనా సరిహద్దు వాటిని మన్నించలేదు.

దోహా బండీ, కువైట్ బండీ సౌదీలో సగం దారిన ఉన్న దమ్మాం వద్ద కలిసి, ట్రైలర్లు మార్చుకొని, ఎవరి దారిన వారు వెనుదిరగాలన్నది ఆయన ఉపాయం. అంతవరకు నేనూ ఊహించగలవాడినే. కానీ మార్చుకునేముందు ఇద్దరూ కలిసి తినితీరాలని ఆయన నియమం పెట్టారు. అన్నం దోహావాడు తేవాలి, కూర కువైట్‌వాడు.

“గంటసేపు వృథా అండీ,” అన్నాను.

“ఆ గంట తీసేస్తే ఒకనికోసం ఒకడు ఆగడు సార్. మీరూ ఒకపారి వచ్చి తినుండ్రి, మీ లెక్కలకు గూడ ఉప్పు తగుల్తది,” అని నవ్వారు.

నేను వెళ్ళలేదు. గడువు దాటడాలు మాత్రం ఆగిపోయాయి. యజమాని ప్రశంస ఆయనకే దక్కింది. డ్రైవర్లకు ఆయన ‘నర్సన్న’, నేను ‘సార్’. ఆ పిలుపు మీద నాకు అసూయ; ఆయన లేని ఈనాడు కూడా అది తగ్గలేదు.

శుక్రవారం మా బళ్ళు బయలుదేరవు. సాయంత్రం నాలుగింటికి అందరం ఆయన ఫ్లాట్‌లో చేరాము. గుమ్మం దగ్గర నిలిచి వచ్చినవారిని లెక్కించాను. నా కోసమైతే వీరిలో ఎందరు వచ్చేవారన్న చింత వదలలేదు. బుధవారం బయలుదేరిన మల్లేశం ఒక్కడే రాలేదు. అంతలో దమ్మాం నుంచి అతని ఫోను.

“సార్, అన్నను ఆఖరిసారి చూద్దామనుకున్న. కువైట్ బండి యాదగిరి ఇంక రాలే. నేను వాపసొస్తే వాడే దోహాదాక రావాలె, వాని గడువు దాటుతది.”

“తిన్నావా?” అన్నాను. ఏ డ్రైవరునూ నేను ఆ మాట అడిగి ఎరుగను.

“ఎట్ల తింట సార్? కూర వాని దగ్గరుంది.”

ఆయన బల్ల వద్దకు కంపెనీ మరొకరిని తేగలదు. ‘నర్సన్న’ అన్న పిలుపుకు అర్హుణ్ణి తేవడం దాని వల్ల కాదు. ఆయన స్మృతికి నేను అర్పించగలిగింది ఈ లెక్క ఒక్కటే. మా దోహా డ్రైవర్లు పంతొమ్మిదిమంది. వచ్చినవారు పద్దెనిమిదిమంది. సగం దారిలో ఆగినవాడు ఒకడు.