తల బాగైందని చెప్పిన ఆదివారం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే ఆ మూల గోనెసంచి ఉంది, పరుచుకోండి. నేను రెండో తరగతి దాటలేదు, పెద్ద మాటలు రావు. కానీ చూసింది చూసినట్టు గుర్తుంటుంది. మా ఆయన చేసిన పని గురించీ, ఎందరినో లేపి నడిపించిన ఆ పని మా ఇంటి పిల్లాడి దగ్గర ఎలా ఓడిపోయిందో దాని గురించీ చెబుతాను. వినడానికి బాగుండదు. అయినా వినండి.

అప్పట్లో మేము బెంగాలులో, షాలిమార్ గూడ్సు యార్డు వెనక బస్తీలో ఉండేవాళ్లం. ఆ వరస ఇళ్లన్నీ మనవాళ్లవే, శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చినవాళ్లవి. మగవాళ్లు వారమంతా వ్యాగన్ల నుంచి బస్తాలు దించేవారు. ఆదివారం ఉతికిన చొక్కాలు తొడుక్కుని తెలుగు చర్చికి వచ్చేవారు. మా ఆయన ఒక్కరే గంగ దాటి ఆసుపత్రి పనికి వెళ్లేవారు. యుద్ధం రోజుల్లో మిలటరీ ఆసుపత్రిలో చేరి, విరిగి అతుక్కున్న కాళ్లనూ చేతులనూ మళ్లీ ఆడించే పని నేర్చుకున్నారు. ఆ తర్వాత పరీక్ష రాసి ఫిజియోథెరపిస్టు అయ్యారు. ఆ మాట పలకడానికి మా బస్తీలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. అందుకని అందరూ మాలిష్ డాక్టరు అనేవారు.

కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని ఆడవాళ్లు నన్ను ఆటపట్టించేవారు. "ఒలే, మీ ఆయన ఊరందరి కాళ్లూ పిసుకుతాడంట. మరి నీ కాళ్లు ఎవులు పిసుకుతారే?" అని ఒకావిడ అంటే, "దాని కాళ్లు దానికే ఉన్నాయి, మనవే పోనాయి" అని ఇంకొకావిడ నడుం పట్టుకుని నవ్వేది. వాళ్లే సాయంత్రం మొగుళ్లను వెంటబెట్టుకుని మా గుమ్మంలో నిలబడేవాళ్లు. మా ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి, చొక్కా విప్పి, టీ తాగి, వాళ్లను ఒక్కొక్కరినే చూసేవారు. నేను పెనం మీద ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి ఇచ్చేదాన్ని. నడుం పట్టినవాడికి ఆ కాపడం పెట్టి, తర్వాత బస్తా ఎలా ఎత్తాలో నేర్పేవారు. నడుం వంచొద్దు, మోకాళ్లు వంచు, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకో అని చెప్పేవారు. వాళ్లు మా ఇంట్లో అలాగే ఎత్తి చూపించేవారు. పొద్దున్న యార్డులో మళ్లీ మామూలే.

మా అమ్మా, తమ్ముడూ మా పక్క సందులోనే ఉండేవారు. నాన్న పోయాక తమ్ముడే నాన్న పనిచేసిన కూలీల జట్టులో చేరాడు. జట్టుకి మేస్త్రీ మనవాడే, చర్చిలో పెద్ద కూడా. తమ్ముడు బలమైనవాడు, మాటకారి. బస్తా నెత్తిన పెట్టుకుని వ్యాగన్ నుంచి బండి దాకా వేసిన పలక మీద పరిగెత్తేవాడు. పాటలు కట్టి జట్టునంతా నవ్వించేవాడు. ఆ ఏడు వాడికి సంబంధం కుదిరింది. పిల్లది గంగకు అవతల మెటియాబ్రుజ్‌లో ఉన్న మనవాళ్ల అమ్మాయి.

ఒకరోజు వ్యాగన్ తలుపు తెరుస్తుంటే దాని ఇనుప కడ్డీ విసురుగా వచ్చి వాడి తలకు తగిలింది. కింద పడ్డాడు, వెంటనే లేచాడు. రక్తం లేదు. కనీసం బొప్పి కూడా పెద్దది కట్టలేదు. "పెళ్లికొడుక్కి ముందరే దిష్టి తీసేసినారు" అని జట్టువాళ్లు నవ్వారట. వాడూ నవ్వి, పొద్దుగూకే దాకా పనిచేశాడు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, "అమ్మా, ఈయేళ ఏటి వారం?" అని అడిగాడు. బుధవారం అంది అమ్మ. నాలుగు ముద్దలు తిని, "అమ్మా, ఈయేళ ఏటి వారం?" అన్నాడు. ఆటలాడుతున్నాడనుకుని అమ్మ కసిరింది. మూడోసారి అడిగి, తిన్నదంతా కక్కుకున్నాడు. అమ్మ మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. మా ఆయన వాడి కళ్లలోకి లాంతరు వెలుగు పట్టి చూశారు. పాదాలు దగ్గర పెట్టి కళ్లు మూసుకుని నిలబడమన్నారు. వాడు నరికిన అరటిబోదెలా పక్కకు ఒరిగిపోయాడు. అప్పటికప్పుడు రిక్షా పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

అక్కడి డాక్టరు మంచివాడు. కొన్నాళ్లు ఉంచుకుని చూసి, లోపల రక్తం కారలేదనీ, మెదడు మాత్రం బాగా అదిరిందనీ చెప్పి పంపాడు. వెలుతురు తక్కువ ఉన్న గదిలో పడుకోబెట్టాలి, బరువు ఎత్తకూడదు, రెండో దెబ్బ తగలకూడదు. మిగతాది మా ఆయన చేతిలో పెట్టాడు.

"దెబ్బే నేదు, ఏటి చూసుకోవాల?" అంది అమ్మ.

"అత్తా, పాలు తోడుపెట్టిన గిన్నెను కుదిపేస్తే ఏమవుతుంది? గిన్నె పగలదు కదా. పెరుగు గట్టిపడనివ్వాలి. అంతవరకూ ముట్టుకోకూడదు" అన్నారు మా ఆయన.

అమ్మకు ఆ మాట అర్థమైంది. తమ్ముణ్ణి మా ఇంట్లోనే పెట్టుకున్నాం. కిటికీకి పాత చీర కట్టాను. కొన్నాళ్లకు లేచి కూర్చున్నాడు. తర్వాత మా ఆయన వసారాలో ముగ్గుపిండితో గీత గీసి దాని మీద నడిపించారు. గీత తప్పకుండా నడిస్తే మెడ తిప్పుతూ నడవమన్నారు. అదీ అయితే వంగి చెంబు తీయమన్నారు. ఏ మెట్టు దగ్గర తల తిరిగినా ఆ రోజుకి అక్కడితో ఆపి, మర్నాడు ఒక మెట్టు కిందికి దింపేవారు. నెత్తిన బరువు పెట్టడం అన్నిటికంటే ఆఖరి మెట్టు. దానికి ఇంకా చాలా దూరం ఉంది. అసలు సంగతి ఏమిటంటే, ఈ వైద్యంలో చూసి చెప్పడానికి గాయం ఉండదు. తిరుగుతోందో లేదో రోగి నోటితోనే చెప్పాలి. వాడు నిజం చెప్పినంతకాలమే మా ఆయన విద్య పనిచేస్తుంది.

వాడు చెప్పేవాడు కూడా. "బావా, ఈయేళ గీత రెండుగా కనపడతంది" అనేవాడు. "నీకు పెళ్లాం కూడా రెండుగా కనపడుతుందేమోరా" అని మా ఆయన నవ్వించేవారు.

ఇక్కడ మన చర్చి సంగతి చెప్పాలి. జబ్బు నయమైనవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు కదా. దేవుడు నన్ను బాగుచేశాడని అందరి ముందూ చెబుతారు. అందరూ స్తోత్రం అంటారు. అమ్మ కొడుకు కోసం శుక్రవారాలు ఉపవాసం ఉంది. వాడు చెంబు వంగి తీస్తున్నాడని చూసేసరికి ఆవిడ మనసు ఆగలేదు. పైగా మెటియాబ్రుజ్ వాళ్లు, పిల్లాడికి తల చెడిందట కదా అని కబురు పంపారు.

ఆ ఆదివారం సాక్ష్యం ఉన్నవాళ్లు లేవండని పాదిరిగారు అనగానే, ఆడవాళ్ల వరసలోంచి అమ్మ మెడ చాచి తమ్ముణ్ణి చూసి తల ఊపింది. వాడు లేచాడు. "నా తల అదిరిపోనాది. దేవుడు పూర్తిగా బాగుసేసినాడు. ఇప్పుడేటీ నేదు" అన్నాడు. చప్పట్లు, స్తోత్రాలు. అమ్మ పైట కళ్లకు అద్దుకుంది. మగవాళ్ల వైపు మా ఆయన ఒక్కరే తల వంచుకుని కూర్చున్నారు.

దారిలో అన్నారు, "అత్తా, ఇంకొన్నాళ్లు ఆగి చెప్పించాల్సింది."

"ఆగితే దేవుడి మీద అనుమానం పెట్టుకున్నట్టు గాదేటి బాబూ?"

"దేవుడికి తొందరుందా అత్తా?"

"నీకు నీ ఆసుపత్రి ఉంది. నాకు ఉన్నది ఈడొక్కడే" అంది అమ్మ.

ఆ మర్నాటి నుంచి గీత మీద నడుస్తున్నప్పుడు మా ఆయన ఎప్పుడు అడిగినా వాడిది ఒకటే జవాబు. "నేదు బావా. తిరగటం నేదు." ఆ మాట చెబుతూ గోడకు వేళ్లు ఆనించుకునేవాడు. మా ఆయన చూసి, మళ్లీ అడిగి, మళ్లీ అదే విని, ముగ్గుపిండి డబ్బా పక్కన పెట్టేసేవారు. వారం తిరక్కుండానే వాడు అమ్మ ఇంటికి వెళ్లిపోయాడు.

వాడు మళ్లీ పనిలోకి దిగుతున్నాడని తెలిసి, బస్తా ఎత్తనివ్వొద్దని చెప్పడానికి మా ఆయన మేస్త్రీ దగ్గరికి వెళ్లారు. ఏమన్నాడో ఇంటికి వచ్చి నాతో చెప్పారు. "డాక్టరు బాబూ, నలుగురి ముందరా దేవుడి గుడిలో సెప్పినాడు. మరి ఇప్పుడు నీ మాట వినాలా, దేవుడి మాట వినాలా?" అన్నాడట. మేస్త్రీ చెడ్డవాడు కాదు. తమ్ముడి కోసం ప్రార్థన చేసినవాళ్లలో వాడూ ఉన్నాడు. జట్టువాళ్లు కూడా ప్రేమతోనే వాణ్ణి వరస మధ్యలో పెట్టుకున్నారు, ముందొకడూ వెనకొకడూ ఉంటే తూలినా పట్టుకోవచ్చని. తూలుతున్నాడని వాళ్లందరికీ తెలుసు. బాగైపోయాడని అందరూ నమ్మారు కూడా. ఆ రెండూ ఒకేసారి ఎలా కుదిరాయో ఇప్పటికీ నాకు తెలియదు.

చినుకులు పడుతున్న పొద్దుటిపూట, నెత్తిన బస్తాతో, వాడు పలక మీద నుంచి పడ్డాడు. ముందున్నవాడు వెనక్కి తిరిగేలోపే తల రైలు పట్టా మీద కొట్టుకుంది. తోపుడుబండి మీద వేసి తెచ్చారు. ఆసుపత్రి వాళ్లు తల తెరిచి ప్రాణం నిలబెట్టారు. అంతకంటే ఏమీ నిలబెట్టలేకపోయారు.

మెటియాబ్రుజ్ సంబంధం పోయింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి, మాట ముద్దయింది. మా ఆయన మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎత్తుకున్నారు. పసిపిల్లాడికి నేర్పినట్టు పక్కకు దొర్లడం, కూర్చోవడం, మంచం పట్టుకుని నిలబడడం నేర్పారు. ఏళ్లు పట్టింది. కర్ర సాయంతో కుళాయి దాకా నడిచేవాడు. కానీ పాటలు కట్టే తమ్ముడు రాలేదు. గిన్నె చప్పుడైనా, పిల్లలు కేక పెట్టినా చేతిలోది విసిరేవాడు. తర్వాత మూర్ఛలు మొదలయ్యాయి.

ఒకరోజు వాడి చెయ్యికి కాపడం పెడుతూ అడిగాను, "ఎందుకు సెప్పనేదురా బావతో, తిరుగుతోందని?"

మా వైపు అక్కను అప్పా అంటాం కదా, ఆ పిలుపుతో మొదలుపెట్టి మాట కూడదీసుకున్నాడు. "అప్పా... గుడిలో... బాగైందన్నాను. మళ్లీ నేదంటే... దేవుణ్ణి... అబద్ధాలోణ్ణి సేసినట్టు గాదా?"

వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ విన్నదని నాకు తెలుసు. ఆ తర్వాత అమ్మ చర్చికి వెళ్లడం మానలేదు గానీ, సాక్ష్యాల వేళకు లేచి బయట మెట్ల మీద కూర్చునేది.

మా ఆయన పనిచేసే తీరు మాత్రం మారింది. యార్డులోగానీ, ఫుట్‌బాల్ ఆటలోగానీ తలకు దెబ్బ తగిలి ఎవరు వచ్చినా, పరీక్ష మొదలుపెట్టకముందే ఎదురుగా కూర్చుని, "తగ్గలేదని చెప్పు, నేను కోప్పడను. నిన్న తగ్గిందని చెప్పి ఇవాళ తగ్గలేదన్నా ఫరవాలేదు. నీ మాట నువ్వు మార్చుకోవచ్చు" అనేవారు. బెంగాలీ వాళ్లకు బెంగాలీలో, మనవాళ్లకు మన మాటలో. కొందరు మార్చుకునేవారు. చాలామంది కూలి పోతుందని భయపడి, తగ్గిందనే చెప్పి వెళ్లిపోయేవారు. వాళ్లు వెళ్లాక ఆయన గుమ్మంలో నిలబడి, వాళ్ల నడక కనబడినంత దూరం చూసేవారు.

ఒక వానాకాలంలో తమ్ముడికి మూర్ఛ వచ్చి, తగ్గకుండానే పోయాడు. శవపేటిక మోసింది జట్టువాళ్లే. మేస్త్రీ కూడా భుజం పట్టాడు. సమాధి దగ్గర పాదిరిగారు, ఎవరైనా వాడి గురించి రెండు మాటలు చెప్పమన్నారు. ఎవరూ నోరు తెరవలేదు. వాన మాత్రం పడుతోంది.

ఇంతేనమ్మా. పొద్దుపోయింది, మీ ఇళ్లలో ఎదురుచూస్తుంటారు. మీ ఇళ్లు చల్లగా ఉండాలి. మీ పిల్లలు ఒళ్లు బాగాలేదంటే, నిన్న బాగుందన్నావుగా అని ఎవరూ నిలదీయకుండా ఉండాలి. చెప్పినవాడికి సిగ్గు కలగకుండా, విన్నవాళ్లకు విసుగు రాకుండా, మీ ఇంటిల్లిపాదినీ దేవుడు కాయాలి.