సున్నం కొట్టని బావి

మా తమ్ముడి పిల్లలు ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఒక కథ చెబుతుంటారు. వాళ్ళ నాయన ఉద్యోగం పోబోతుంటే, పెదనాయన లైబ్రరీలో చదివిన చదువుతో ఆత్మకూరు మీటింగులో ఒక పెద్ద నాయకుణ్ణి నిలదీసి ఆ ఉద్యోగాన్ని నిలబెట్టాడని. వినడానికి బాగుంటుంది. నేను కూడా చాలాకాలం కాదనలేదు. కానీ ఆ ఉద్యోగం పోబోయింది నా చదువు వల్లనే. నిలబడింది మా అక్క వల్ల. అక్క ఇప్పుడు లేదు. పిల్లలు ఇదే కథను వాళ్ళ పిల్లలకు చెప్పకముందే జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలి.

అప్పట్లో నాకు ఉదయగిరి బస్టాండు దగ్గర సైకిల్ షాపు ఉండేది. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మిగిలినదంతా శాఖా గ్రంథాలయంలో చదువుకున్నదే. గిరాకీ లేని మధ్యాహ్నాలు షాపుకు గోనెపట్టా దించి అక్కడికి పోయేవాణ్ణి. తెలుగు పేపర్లు చివరి పేజీ దాకా చదివేవాణ్ణి. ఇంగ్లీషు పేపరును మాత్రం డిక్షనరీ పక్కన పెట్టుకొని, ఒక్కో వార్తను ఒక్కో గంట చదివేవాణ్ణి. చేతులకున్న గ్రీజు పేజీలకు అంటుతుందని లైబ్రేరియన్ నాకోసం కిటికీలో ఒక సబ్బుముక్క ఉంచేవాడు. సాయంత్రం షాపు ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు ఆ రోజు చదివింది చెప్పేవాణ్ణి. తెలిసినంత చెప్పి ఆగడం మాత్రం నాకు చేతనయ్యేది కాదు.

తమ్ముణ్ణి పెంచింది అక్క. అమ్మ పోయేనాటికి తమ్ముడికి ఇంకా నడక రాలేదు. అక్క పెళ్ళయి సీతారామపురం అవతల ఒక ఊరికి కాపురానికి పోతూ వాణ్ణి చంకలో వేసుకొని పోయింది. పదేళ్ళకు బావ చనిపోతే వాణ్ణి చేయి పట్టుకొని, నాలుగు మేకల్ని తోలుకొని మళ్ళీ ఉదయగిరికి వచ్చింది. అక్క ఎవరి మాటనూ ఒకేసారి నమ్మేది కాదు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు చెప్పిన వచనాన్ని కూడా ఇంటికొచ్చాక నాచేత బైబిల్లో చదివించుకొని సరిచూసుకునేది.

తమ్ముడు మా జిల్లాలోనే, సముద్రం పక్కన దీవిలో ఉన్న రాకెట్ల కేంద్రంలో పనికి చేరాడు. పనంటే క్యాంటీన్లో వంట. కాంట్రాక్టరు కింద తాత్కాలికంగా పెట్టుకున్నారు. ఏడాది నిండితే ఖాయం చేస్తామన్నారు. అక్క ఆ ఏడాది నెలల్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఉండేది.

రెండు దేశాలూ అణుబాంబులు పేల్చి అప్పటికింకా ఏడాది కాలేదు. మన ప్రధానమంత్రి బస్సులో సరిహద్దు దాటి పాకిస్తాన్‌కు పోయివచ్చాడు. ఆ వారమంతా పేపర్లు రెండు దేశాల మధ్య ఉన్న పాత ఒప్పందాలన్నీ తిరగేసి రాశాయి. అలా ఒక మధ్యాహ్నం నేను చదివిన వ్యాసం ఇది. ప్రతి జనవరి ఒకటో తారీకున మన అణు కేంద్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో మనం పాకిస్తాన్‌కు పట్టిక రాసి ఇస్తాం. వాళ్ళవి వాళ్ళు మనకు ఇస్తారు. ఊరి పేరు ఒక్కటే కాదు, అక్షాంశాలూ రేఖాంశాలతో సహా. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. ‘మిగతా లోపలి పేజీలో’ అని ఉంది. ఆ పేజీ లేదు. ఎవరో పుస్తకానికి అట్ట వేసుకోవడానికి లాక్కుపోయినట్టున్నారు. వ్యాసం పక్కనే నింగిలోకి లేస్తున్న రాకెట్ బొమ్మ ఉంది. కింద మా జిల్లా పేరు ఉంది. ఆ బొమ్మ ఎందుకు వేశారో లేని పేజీలో ఉండి ఉంటుంది. దొరకని ఆ సగాన్ని నేనే ఊహించుకున్నాను.

ఆ సాయంత్రం బెంచీ మీద మన రాకెట్ల దీవి కూడా పట్టికలో ఉందని చెప్పాను. రాత్రి అన్నం దగ్గర అక్కకూ చెప్పాను. అక్క ముద్ద చేతిలోనే పట్టుకొని, మన గుట్టు మనమే వాళ్ళకు చెబుతామా అని అడిగింది. అవును, సంతకాలు కూడా పెట్టారన్నాను. మరునాడు పొద్దున్నే నాచేత తమ్ముడికి ఉత్తరం రాయించింది. ఆమె చెప్పింది రెండే మాటలు, వెంటనే ఇంటికి రమ్మని. మిగతాది నా సొంతం. నువ్వు గరిటె తిప్పే చోటు ఏ అక్షాంశం మీద ఉందో శత్రువు టేబుల్ మీద కాగితంలో రాసి ఉంది అని రాశాను. రాసి, బాగా వచ్చిందనుకున్నాను కూడా.

శుక్రవారం తమ్ముడు రేకు ట్రంకు పెట్టెతో దిగాడు. సూపర్‌వైజరు ఎక్కడికని అడిగితే ఇంట్లో జబ్బు అని చెప్పి వచ్చాడట. సోమవారం పొద్దున గేటు దగ్గర లేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానని ఆయన తేల్చి చెప్పాడు. ఏడాది నిండడానికి ఇంకా నెలన్నర ఉంది. తమ్ముడు నన్ను నిందించలేదు. నేను రాశానంటే నిజమే అయివుంటుందనుకున్నాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మరునాడు, అంటే శనివారం, ఆత్మకూరులో ఒక నాయకుడి మీటింగు ఉందని ఎవరో చెప్పారు. ఢిల్లీలో ఆ ఒప్పందాన్ని వెనకేసుకొచ్చి మాట్లాడినవాడు. ఎదుటి పార్టీవాళ్ళు ఊరూరా దేశం గుట్టు అమ్మేశారని చెబుతుంటే, దానికి జవాబు చెప్పడానికి వచ్చాడు. ఆయన్నే అడిగి వస్తానన్నాను. అక్క నన్ను గుమ్మం దగ్గర ఆపింది. "వాడు చెప్పింది నమ్మబాక. నువ్వు కళ్ళతో చూసిందే నాకు చెప్పు."

మధ్యాహ్నం ఎండలో, బస్టాండుకు దగ్గరలో షామియానా కింద రెండు వందల మందిమి ఉంటాం. నాయకుడు సన్నగా, గొంతు బొంగురుగా ఉన్నాడు. ఆయన పక్కనున్న మనిషి మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. ఒప్పందమంటే స్నేహం కాదన్నాడు నాయకుడు. స్నేహితులకు కాగితం అక్కర్లేదని, నమ్మకం లేనివాళ్ళ మధ్యనే సంతకాలు కావాలని అన్నాడు. పట్టిక ఇచ్చేది కొట్టమని చూపించడానికి కాదు, ఇక్కడ కొట్టకూడదని ఇద్దరూ ఒప్పుకున్న చోట్లు చెప్పుకోవడానికి అన్నాడు. అణు కేంద్రం పగిలితే విషం సరిహద్దు చూసుకొని ఆగదన్నాడు. మాటలు బాగానే ఉన్నాయి. నేర్చుకొచ్చి చెబుతున్నట్టు కూడా ఉన్నాయి. నా చుట్టూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అప్పుడు ముందు వరసలోంచి, సీతారామపురం వైపు నుంచి అనంతసాగరం బీళ్ళకు గొర్రెలు తోలుకొచ్చిన ముసలాయన ఒకడు కంబళి భుజాన వేసుకొని లేచాడు.

"అయ్యా, మా దిక్కున రెండూర్లకి మేత బీడు కాడ పడదు. ఎండాకాలమొస్తే ఒకరి బాయిలో ఒకరు కంప తోసుకుంటారు, పురుగుమందు గూడా కలపతారు. అయినా తాగేనీళ్ళ బాయి గట్టుకి సున్నం కొట్టుకుంటారు. సున్నం ఉండే బాయి జోలికి ఎవురూ పోరు. మీరు చెప్పేది అదేనా?"

నాయకుడి ముఖం తేటపడింది. ఇంతసేపు ఆయన వెతుకుతున్న మాట ఆ ముసలాయన దగ్గర దొరికింది. "అదే పెద్దాయనా. అచ్చంగా అదే."

"అయితే ఇంకోటి అడగతా. సున్నం కొట్టని బాయి మాటేంది?"

గడియారం మనిషి నాయకుడి చొక్కా అంచు పట్టి లాగాడు. నాయకుడు ఆ చేతిని తీసేశాడు.

"వాళ్ళు కొన్ని దాచి ఉంటారు. మనమూ దాచి ఉంటాం. దాచినదానికి ఒప్పందం లేదు. ఉన్నదానికే ఉంది."

ముసలాయన తల ఊపి కూర్చున్నాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు. నేను లేచి తమ్ముడి సంగతి చెప్పి, రాకెట్ల దీవి పట్టికలో ఉందా అని అడిగాను. అది అణు కేంద్రం కాదు, అందులో ఉండదు, మీ తమ్ముణ్ణి నిశ్చింతగా పనికి పొమ్మను అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పాడు. అంత తొందరగా వచ్చిన జవాబు నాకు నచ్చలేదు.

"అయ్యా, పట్టిక మీరు చూసినారా?"

"లేదు. అది రహస్యం."

నా వెనక ఎవరో గొంతు తగ్గించకుండానే అన్నారు: "పాకిస్తానోడు చూసినాడంట, మనోడు చూళ్ళేదంట." జనం పకపకా నవ్వారు. నాయకుడు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చూడని కాగితం గురించి అంత గట్టిగా ఎలా చెబుతున్నాడు? అనుకున్నాక తట్టింది. నేనూ చూడలేదు కదా.

మీటింగు ముగియకముందే ఆత్మకూరు లైబ్రరీకి నడిచాను. మూసే వేళ అయింది. అక్కడి లైబ్రేరియన్‌కు నేను తెలియదు. అయినా నా గ్రీజు వేళ్ళు చూసి ఏమీ అనకుండా పాత పేపర్ల కట్ట విప్పి ఇచ్చాడు. అదే పేపరు, అదే తారీకు. లోపలి పేజీ చెక్కు చెదరకుండా ఉంది. ఏ కేంద్రాలు ఆ ఒప్పందం కిందికి వస్తాయో అందులో ఉంది. అణు రియాక్టర్లు, యురేనియం శుద్ధిచేసే చోట్లు, అణు ఇంధనం తయారుచేసే చోట్లు. రాకెట్ల ఊసు లేదు. రాకెట్ బొమ్మ ఆ లోపలి పేజీలోనే ఉన్న వేరే వార్తకు వేసింది. నాయకుడు చెప్పింది నిజమే.

ఉదయగిరి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. తేలికైన మనసుతో కూర్చున్నాను. దీవి పట్టికలో లేదు, గుట్టు బయట పడలేదు అని అక్కకు ఎలా చెప్పాలో మాటలు పేర్చుకుంటున్నాను. సగం దారిలో ఆ ముసలాయన ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. పట్టికలో ఉండటం అంటే ముట్టకూడదని వాళ్ళు మాట ఇచ్చిన చోటని. లేకపోవడం అంటే ఏ మాటా ఇవ్వని చోటని. మా తమ్ముడు వంట చేస్తున్నది సున్నం కొట్టని బావి దగ్గర.

ఇంటికి చేరేసరికి అక్క గుమ్మంలో కూర్చొని మేకపిల్లకు ఆకు తినిపిస్తోంది. తమ్ముడు ట్రంకు పెట్టె మీద కూర్చొని ఉన్నాడు. కళ్ళతో చూశావా అని అడిగింది. చూశాను, పేపర్లో పూర్తిగా చదివాను, దీవి పట్టికలో లేదు అన్నాను. జీవితంలో మొదటిసారి, చదివింది చెప్పేటప్పుడు సగంలో ఆగాను. అక్క నా ముఖంకేసి చాలాసేపు చూసింది. తరువాత తమ్ముడివైపు తిరిగింది. "రేపు ప్రార్థన అయినాక బస్సెక్కు. చొక్కాలు ఇట్ల తెచ్చియ్యి, ఉతికేస్తా."

సోమవారం పొద్దున తమ్ముడు గేటు దగ్గర ఉన్నాడు. నెలన్నరకు వాడి ఉద్యోగం ఖాయమైంది.

ఆ వేసవిలోనే కొండల మీద యుద్ధం వచ్చింది. రేడియోలో వార్తలు మొదలవుతూనే చేతిలో పని ఆపి దాని పక్కన కూర్చునేవాణ్ణి. ఒక రోజు తట్టుకోలేక కార్డు తీసుకొని, తమ్ముణ్ణి కొన్నాళ్ళు సెలవు పెట్టి రమ్మని రాయడానికి కూర్చున్నాను. అక్క అది చూసి ఏంది రాస్తున్నావని అడిగింది. అప్పుడు మొత్తం చెప్పాను, ముసలాయన ప్రశ్నతో సహా.

"తెలుసురా నాకు. ఆ పొద్దు నువ్వు సగం మింగి వచ్చినావు. మాట ముగించకుండా ఎప్పుడన్నా లేచినావా నువ్వు?"

తెలిసీ వాణ్ణి ఎందుకు పంపావని అడిగాను. ఆమె అత్తగారి ఊరు ముసలాయన చెప్పిన ఆ రెండూళ్ళలో ఒకటని నాకు అప్పుడు తట్టింది.

"ఊర్లో సున్నం కొట్టింది రెండు బాయిలకే. మా ఇంటి బాయికి ఎవురూ కొట్టలా. పదేండ్లు ఆ నీళ్ళే తాగినా, తమ్ముడికీ ఆ నీళ్ళే తాపినా. దినామూ పొద్దున్నే ముందు నేను తాగి చూసి వాడికి పోసేదాన్ని. భయపడి నీళ్ళు మానేస్తే ఎట్ట బతకతాం? ఆ కార్డు ఇట్ల ఇయ్యి."

ఇచ్చాను. చింపి పొయ్యిలో వేసింది. ఆ యుద్ధం ముగిసేదాకా ప్రతి వారం తమ్ముడికి ఉత్తరం రాయించింది కానీ, ఒక్కదాంట్లోనూ రమ్మని లేదు. తరువాతి జనవరిలో, అంత యుద్ధం జరిగాక కూడా, రెండు దేశాలూ పట్టికలు ఇచ్చిపుచ్చుకున్నాయని పేపర్లో ఒక మూల నాలుగు వాక్యాల వార్త పడింది. అక్కకు చదివి వినిపించాను. "ఇంకోసారి చదువు," అంది. చదివాక, వాళ్ళు పూర్తిగా ఇచ్చారని నువ్వు నమ్ముతున్నావా అని అడిగింది.

పేర్లు రాయకూడదని అనుకున్నాను కాబట్టి మనుషుల్ని గుర్తుతోనే తలుచుకుంటాను. కిటికీలో సబ్బుముక్క ఉంచిన ఉదయగిరి లైబ్రేరియన్‌కు, మూసే వేళ పేపర్ల కట్ట విప్పిన ఆత్మకూరు లైబ్రేరియన్‌కు, నేను అడగాల్సిన ప్రశ్న నాకంటే ముందే అడిగిన గొర్రెల కాపరికి, నా ఉత్తరాన్ని నమ్మి వచ్చి, నన్ను ఒక్క మాట అనకుండా తిరిగివెళ్ళిన తమ్ముడికి రుణపడి ఉన్నాను. ఆ నాయకుడికి కూడా. ఆయన నాతో అబద్ధం చెప్పలేదు. అయినా నేను ఆయనకు ఓటు వేయలేదు. చూడని కాగితాన్ని చూసినట్టు చెప్పిన మనిషిని నమ్మలేకపోయాను. ఆ పని నేనూ చేశాను కాబట్టి నాకు తెలుసు. అందరికంటే ఎక్కువగా, మొదటి గుక్క తాను తాగి చూసిన అక్కకు రుణపడి ఉన్నాను.